యంత్రము నడుపు బండ్లు – ఎడము, క్షేమము

రహదారిపై బండికిని బండికిని మధ్య ఎంత ఎడముండిన నంత క్షేమమని మనము పిల్లలకు చెప్పుచుందుము. అది సత్యమే. కాని మనుష్యుని ప్రమేయము లేక యంత్రములే నడుపు బండ్ల విషయమున శాస్త్రజ్ఞులు విపరీతముగా తోచు మరియొక సంగతిని గ్రహించిరి.

1997 ఆగస్టు మాసమున అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు శాన్ డియేగో నగర సమీపమున, ఎనిమిది కారులు గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగముతో, ఒకదానికొకటి ఆరున్నర మీటర్ల ఎడమున వరుసగా నడిచినవి. దారిలో పాతిన అయస్కాంతములు వానికి మార్గమును, రాడారు ముందుబండి దూరమును తెలిపినవి. ముందుబండ్ల వేగము రేడియో ద్వారా వెనుకవానికి వెనువెంటనే అందినది. ఇట్లు నడిపినచో ఒకే దారిపై ఎక్కువ బండ్లు పోగలవు. గాలి అడ్డు తగ్గి ఇంధనమును కొంత మిగులును.

ముందుబండి హఠాత్తుగా ఆగినచో నేమగును? ఒక లెక్క చూతము. రెండు బండ్లును సెకనుకు 30 మీటర్ల వేగమున, అనగా గంటకు 108 కిలోమీటర్ల చొప్పున, పోవుచున్నవనుకొందము. రెండును ఒకే క్షణమున బ్రేకు వేసినవి. ముందుబండి వేగము ప్రతి సెకనునకు 8 మీటర్ల చొప్పునను, వెనుకబండి వేగము 6 మీటర్ల చొప్పునను తగ్గినవి. ఎడము 1 మీటరైనచో వేగభేదము పెరుగుటకు వ్యవధి లేదు. గంటకు 7 కిలోమీటర్ల భేదముతో మాత్రమే తాకును. 9 మీటర్లైన 22, 14 మీటర్లైన 27 కిలోమీటర్ల భేదముతో తాకును. 20 మీటర్లైన తాకనే తాకదు. కావున నడిమి ఎడమే మిక్కిలి అపాయకరము.

అయినను మెల్లని తాకిడియు ఉపేక్షింపదగినది కాదు. తాకిన బండి ప్రక్కకు తిరుగవచ్చును. వెనుకవి వరుసగా వచ్చి తగులవచ్చును. అందుచేతనే ఒక వరుసకును వేరొక వరుసకును నడుమ దీర్ఘమైన ఎడమును విడువవలెననియు, బ్రేకు శక్తి తక్కువ గల బండిని వరుసకు ముందుంచవలెననియు నిపుణులు చెప్పుదురు.

తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసినది వేరొకటి కలదు. యంత్రమునకు రెప్పపాటు చాలును. మనుష్యుడు చూచి, కాలితో బ్రేకు త్రొక్కుటకు సుమారు ఒక సెకను పట్టును. ఆ సెకనులో బండి 30 మీటర్లు సాగిపోవును. పై లెక్కలో యంత్రమునకు 20 మీటర్లు చాలినచోట మనుష్యునకు 50 మీటర్లు కావలెను. లారీ వెనుక నంటిపెట్టుకొని మోటారుసైకిలు నడుపు యువకునకు రేడియోయు లేదు, రాడారును లేదు.

కావున ముందుబండి ఒక మైలురాయిని దాటిన పిమ్మట తన బండి దానిని చేరులోపల మూడు సెకనులైనను గడువవలెనని బిడ్డలకు నేర్పుదము. తడిదారిలో ఆ వ్యవధి ఇంకను హెచ్చవలెను. పిల్లలను గొనిపోవు బస్సు విషయమునను ఈ నియమమునే కోరుదము.