వరద పోయింది, భయం పోదేం?

2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన! ఆ వానలకే వరంగల్‌లో హంటర్ రోడ్డు, నయీంనగర్ ప్రాంతాలు మునిగాయి.

నీళ్లు తీశాక మిగిలేది బురద, ఉబ్బిపోయిన పుస్తకాలేనా? కాదు. ఆ తర్వాత చిన్న జల్లుకే కొందరు పిల్లలు ఉలిక్కిపడతారు. ఎందుకు?

మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డాలా ప్రమాదాన్ని పసిగడుతుంది. ఆనాటి ఉరుము, చీకటి, బురద వాసన అన్నిటినీ ఆపదతో ముడిపెట్టేస్తుంది. అందుకే మళ్లీ ఉరిమితే, ఆలోచించేలోపే గుండె దడదడలాడుతుంది. నిద్ర పట్టదు, అమ్మ కొంగు వదలబుద్ధి కాదు. ఇది పిరికితనం కానే కాదు.

చాలామందికి ఈ భయం కొన్ని వారాల్లో తగ్గుతుంది. బడి, ఆటలు, మనసులోది చెప్పుకోవడం మేలు చేస్తాయి. టీవీలో అవే దృశ్యాలు పదేపదే చూడటమే చెరుపు. నెల దాటినా పీడకలలు ఆగకపోతే పెద్దవాళ్లతో కలిసి మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.