తెప్పకూ అలపలకకూ గల చుట్టరికం

కెరటంతో పోరాడి గెలిచినవాడు లేడు. దాని బలాన్ని తన పనికి మలచుకొన్నవాడే క్షేమంగా తీరం చేరినాడు. ఈ విద్యను హవాయి ద్వీపవాసులు క్రీడగా అభ్యసించినారు. మన జాలరులు జీవికగా అభ్యసించినారు.

ఎలమంచిలి నుంచి కొద్ది మైళ్ళు సాగితే రాంబిల్లి, పూడిమడక తీరం వస్తుంది. విశాఖపట్నానికి డాల్ఫిన్స్ నోస్ కొండ అండగా ఉన్నది. 1933లో అక్కడ రేవు వెలసినది. ఈ పల్లెలకు అట్టి చాటు లేదు. అలలు నేరుగా ఇసుకపై విరిగిపడుతవి. బోలుగా ఉన్న చిన్న పడవలో నీరు నిండితే మునక తప్పదు. తెప్పకు ఆ భయం లేదు. తేలిక కొయ్య దుంగలను చేర్చి బిగించిన దానిలో నీరు నిలువదు. పైకి వచ్చిన నీరు సందులలో నుంచి జారిపోతుంది. దానిని తేల్చునది కొయ్య తేలికదనమే. ఒడ్డు చేరిన పిమ్మట కట్లు విప్పి దుంగలను ఎండబెట్టేవారు. 'కట్టుమరం' అనే తమిళ పదమే ఆంగ్లంలో 'కాటమరాన్' అయినది.

ఇక హవాయి మాట. కుక్ నౌకాయాత్రలో పాల్గొన్న జేమ్స్ కింగ్, 1779లో అక్కడివారు పలకలపై అలలనెక్కి రావడం చూచి వర్ణించినాడు. వారి పలకలలో 'అలాయియా' పలుచనిది. 'ఓలో' బరువైనది, సుమారు 16 అడుగుల పొడవుకూడ ఉండేది. 1935లో అమెరికావాడైన టామ్ బ్లేక్ పలక అడుగున చేపరెక్క వంటిదానిని అమర్చినాడు. 1950ల చివర కొయ్యకు బదులు నురుగు పదార్థం వచ్చినది. 1960ల చివర పొడవు హఠాత్తుగా తగ్గినది. పాతవి మూలబడినవి.

అయితే ఈ శతాబ్ది తొలి దశకంలో టామ్ వెగెనర్ అనే పలకల శిల్పి హోనలులూలోని బిషప్ మ్యూజియంలో ప్రాచీన అలాయియాలను పరిశీలించి, అట్టివి చేసి, అలలపై నడిపి చూపినాడు. రెక్క లేని ఆ పలక పక్కకు జారుతుంది, అదుపు కష్టం. కాని దాని వేగం చూచి నేటివారు విస్తుపోయినారు. పాత రూపం కొత్తదానికి అసమగ్రమైన మొదటి మెట్టు కాదనీ, దాని నేర్పు దానికున్నదనీ తేలినది.

మన తీరంలో ఫైబరు పడవలు, మోటారులు తెప్పల స్థానాన్ని ఆక్రమించినవి. అది సహజమే. ప్రాణాలకు తెగించి వేటాడే జాలరిని తెప్పకు మరలిపొమ్మనే హక్కు మనకు లేదు. కాని తెప్ప పోయినప్పుడు దానితోపాటు ఏ అల తరువాత తెప్పను తోయవలెనో, ఎప్పుడు తెడ్డు మలచవలెనో తెలిసిన జ్ఞానం కూడ పోతుంది. హవాయిలో పలకలను భద్రపరచిన మ్యూజియం ఉన్నది గనుక, వెగెనర్‌కు చూచుటకు ఏదో మిగిలినది. మనకు?

ఉపాధ్యాయులు తలచుకొంటే ఇది పెద్ద పని కాదు. ఆర్కిమెడీస్ సూత్రం చెప్పే రోజున విద్యార్థులను తీరానికి తీసికొనిపోవచ్చును. ఎక్కడైనా తెప్ప మిగిలి ఉంటే కొలిచి చిత్రం గీయించవచ్చును. దుంగలకు, కట్లకు, గాలులకు ముసలి జాలరులు వాడే పేర్లను వారి నోటనే విని వ్రాయించవచ్చును. అప్పుడు పాఠం చెప్పేవాడు ఆ జాలరి. మనమందరం ఆయన విద్యార్థులం.