చూసేవాళ్ల లెక్క ఎవరు చూస్తారు?

ఎండాకాలంలో కంభం, గిద్దలూరు చుట్టుపక్కల కరువు పని, అంటే ఉపాధి హామీ పని, తెల్లవారగానే మొదలవుతుంది. ఎండ ముదిరేలోపు మట్టి తీసి గట్టున పోయాలి. కానీ గడ్డపార ఎత్తే ముందు ఇంకో పని ఉంది. అందరూ వరసగా నిలబడాలి. మేట్ ఫోన్ ఎత్తి, "అమ్మా, కొంగు కాస్త పక్కకు తీయండి, మొహం పడాల" అంటాడు. ఫొటోతో పాటు టైమూ, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలూ యాప్‌లోకి ఎక్కుతాయి. కొన్ని గంటల తర్వాత మళ్లీ రెండో ఫొటో. నల్లమల అంచు ఊళ్లలో సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని గట్లెక్కడం కూడా ఆ పనిలో భాగమే. ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి పడదు.

2023 జనవరి 1 నుంచి దేశమంతటా ఉపాధి పనుల్లో ఈ యాప్ హాజరు తప్పనిసరి చేశారు. దొంగ మస్టర్లు ఆపడానికే అన్నారు. ఆపితే మంచిదే, వాటివల్ల ముందుగా నష్టపోయేది కూలీలే. కానీ రెండున్నరేళ్లు తిరిగేసరికి, 2025 జులైలో, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకే తీసిన ఫొటోలు యాప్‌లోకి ఎక్కుతున్నాయట. దొంగలు తమ దారి తాము వెతుక్కున్నారు. రోజుకు రెండుసార్లు కెమెరా ముందు నిలబడే బాధ్యత మాత్రం నిజంగా మట్టి మోసినవాళ్లకే మిగిలింది.

నిఘా, గోప్యత అనగానే మనకు ఢిల్లీ నాయకులు, హైదరాబాద్ విలేకరులు గుర్తొస్తారు. పింఛను మీద, రేషన్ మీద, వలస కూలి మీద బతికే పశ్చిమ ప్రకాశానికి ఇదొక పట్నపు గొడవలా కనిపిస్తుంది. నేననేది దానికి పూర్తిగా ఎదురుమాట. రాజ్యం కన్ను అందరికంటే ముందు, అందరికంటే దగ్గరగా పడింది ఇక్కడి మనుషుల మీదే. ఆ కన్ను ఎవరికి జవాబు చెబుతుందని అడిగే హక్కు కూడా అందరికంటే ముందు వీళ్లదే.

మార్కాపురం బస్టాండు పక్క సందుల్లో ఏదైనా జిరాక్స్ షాపు ముందు కాసేపు నిలబడండి. గోడ మీద పెద్ద అక్షరాల్లో షాపు వాట్సాప్ నంబరు ఉంటుంది. పింఛను కోసమో, పంట సాయం కోసమో, పిల్లల ఫీజుల కోసమో వచ్చినవాళ్లు ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు ఫొటోలు ఆ నంబరుకు పంపుతారు. ప్రింటు చేతికొస్తుంది. ఫైలు ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. ఓటీపీ వస్తే నలుగురిలో పైకి చదివి చెబుతారు. బల్ల మీద పొడుగాటి నోటుబుక్కులో పేరుపేరునా యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ రాసి ఉంటాయి. ఊరివాళ్లలో చాలామందికి ఈమెయిల్ తెరిచిచ్చిందీ, దాన్ని గుర్తుపెట్టుకునేదీ ఆ షాపు కుర్రాడే. అతని తప్పేమీ లేదు. ఆధార్ జిరాక్స్ అడగని కౌంటరు ఒక్కటీ లేనిచోట, అది జాగ్రత్తగా దాచుకోవలసిన కాగితమని జనానికి ఎవరు చెప్పాలి?

చెప్పవలసిన సర్కారే ఆ జాగ్రత్త పాటించలేదు. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచి దాదాపు 13 కోట్ల మంది ఆధార్ నంబర్లు బయటపడి ఉన్నాయని అందులో లెక్కగట్టారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే. ఒకటి చంద్రన్న బీమా సైటు, రెండోది ఉపాధి హామీ చెల్లింపుల సైటు. అంటే కూలీల వివరాలే వీధిన పడ్డాయి. ఆ నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరైన కొడాలి శ్రీనివాస్ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటు సంగతి బయటపెట్టారు. 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, వాటి పక్కనే కులం, మతం ఎవరు కావాలంటే వాళ్లు చూసుకునేలా ఉన్నాయి. పక్కా ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టుకున్న పాపానికి ఒక కుటుంబం కులమూ మతమూ ఊరి పేరుతో సహా లోకం ముందు పరిచారు. ఇల్లు కట్టుకోగలిగిన స్తోమత ఉన్నవాడి వివరాలు అందులో లేవు.

ఒక ప్రభుత్వం 2016 జులై 8న ప్రజా సాధికార సర్వే పేరుతో ఇంటింటికీ ట్యాబ్‌లు పట్టుకెళ్లింది. తర్వాతి ప్రభుత్వం 2019 ఆగస్టు 15 నుంచి 50 ఇళ్లకొక వలంటీరును పెట్టింది. ఆ తర్వాతిది 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్రను నేరుగా వాట్సాప్‌లోకి తెచ్చింది. వీటివల్ల జనానికి తిప్పట తప్పింది, కాదనను. అర్ధవీడు మండలం కొస ఊళ్ల నుంచి ఒక సర్టిఫికెట్ కోసం రెండు బస్సులు మారే పని తప్పడం చిన్న విషయం కాదు. కానీ పార్టీల తీరు చూడండి. 2019లో అప్పటి అధికార పార్టీ యాప్ సేవామిత్ర కోసం ఓటర్ల డేటా వాడారని ఐటీ గ్రిడ్స్ సంస్థ మీద కేసు పడితే ఒక పార్టీ గోప్యత గోప్యత అని గొంతెత్తింది. 2023 జులైలో వలంటీర్లు సేకరించిన వివరాలు ఎక్కడికి పోతున్నాయని ఏలూరులో పవన్ కల్యాణ్ ప్రశ్నించినప్పుడు అదే పార్టీ కోపగించుకుంది. అధికారంలో ఉంటే సంక్షేమం, దిగిపోతే గూఢచర్యం. డేటా మాత్రం ఎక్కడికీ దిగిపోదు.

నల్లమల మీద తెరిచిన కన్ను

ఈ నేలకు నిఘా ఇంటర్నెట్‌తో రాలేదు. దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు వైపు నలభై దాటినవాళ్లను కదిలిస్తే చెబుతారు. ఏ ఇంటికి కొత్త మనిషి వచ్చాడు, ఎవరు అవసరానికి మించి బియ్యం కొన్నారు, ఎవరింటి ముందు కుక్కలు అర్ధరాత్రి అరిచాయి, ఇవన్నీ స్టేషన్‌లో ప్రశ్నలయ్యే రోజులవి. అన్నలకు అన్నం పెట్టావని పోలీసులు, పోలీసులకు సమాచారమిచ్చావని అన్నలు. మధ్యలో నలిగింది చెంచు గూడేలు, అడవి అంచు పల్లెలు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు మావోయిస్టు నాయకుడు ఆర్కే, ఆయన సహచరులు అడవి దాటి బయటికొచ్చింది అప్పటి ప్రకాశం జిల్లాలోని చిన్నారుట్ల దగ్గరే. చర్చలు ఫలించలేదు, మళ్లీ కూంబింగులు మొదలయ్యాయి. చివరికి నల్లమలలో మావోయిస్టుల బలం తగ్గిపోవడంలో తుపాకుల పాత్ర ఎంతో, పోలీసుల సమాచార విభాగం ఎస్ఐబీ పాత్రా అంతే.

ఇరవై ఏళ్లు గడిచాక ఆ పేరు మళ్లీ మోగింది. 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్‌లో నమోదైన కేసు తెలంగాణ ఎస్ఐబీలో పనిచేసినవాళ్ల మీదే. మావోయిస్టుల కోసం ఏర్పాటైన వ్యవస్థతో ప్రతిపక్ష నాయకులు, వ్యాపారులు, విలేకరుల ఫోన్లు విన్నారన్నది అభియోగం. 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు వస్తే, మర్నాడే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని పోలీసులు చెబుతున్నారు. డీఎస్పీ ప్రణీత్‌రావు అరెస్టయ్యారు. అమెరికాలో ఉండిపోయిన మాజీ అధిపతి ప్రభాకర్‌రావు 2025 జూన్‌లో తిరిగొచ్చారు. ఒక హైకోర్టు న్యాయమూర్తి ఫోన్ కూడా విన్నారన్న వార్త మీద తెలంగాణ హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. నేరం రుజువు కావలసింది కోర్టులోనే. అయినా ఒక సంగతి ఇప్పటికే తేటతెల్లం. అడవి కోసమని తెరిచిన కన్ను అడవి దగ్గరే ఆగుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. దోర్నాల పల్లెల మీద చూపు పడ్డప్పుడు 'మనకేంలే' అనుకున్న పట్నం మీదికే ఆ చూపు చివరికి మళ్లింది.

మన రాష్ట్రమూ దీనికి దూరం కాదు. 2015 జూన్‌లో ఓటుకు నోటు వ్యవహారంలో తమ ఫోన్లు విన్నారని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే తెలంగాణ మీద మండిపడింది. 2022లో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ వ్యవహారం మీద మన అసెంబ్లీ భూమన కరుణాకర్‌రెడ్డి అధ్యక్షతన సభాసంఘం వేసింది. ఏడాది తిరక్కుండానే, 2023 తొలి నాళ్లలో, అదే అధికార పార్టీకి చెందిన నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి తన ఫోన్ తమ ప్రభుత్వమే వింటోందని ఆరోపించారు. ప్రభుత్వం కాదంది. సొంత ఎమ్మెల్యేకే దిక్కు లేకపోతే కొమరోలు రైతు ఎవరికి చెప్పుకుంటాడు?

ఆర్డరు ఎవరిది?

మన దేశంలో ఫోన్ వినడానికి జడ్జి అనుమతి అక్కర్లేదు. 1996 డిసెంబరులో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు కొన్ని కట్టుబాట్లు పెట్టింది. హోం శాఖ కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, అది రెండు నెలలకు మించకూడదు, పొడిగించినా మొత్తం ఆరు నెలలే, రెండు నెలల్లోగా ఒక సమీక్ష కమిటీ దాన్ని చూడాలి. బాగానే ఉంది. కానీ ఉత్తర్వు ఇచ్చేది అధికారే, సమీక్షించేదీ అధికారులే. ఇంటర్నెట్ విషయంలో ఐటీ చట్టం 69వ సెక్షన్ ఇదే పద్ధతిని తెచ్చింది. 2018 డిసెంబరు 20న కేంద్ర హోం శాఖ పది సంస్థల పేర్లు ప్రకటించి, ఏ కంప్యూటర్‌లోని సమాచారాన్నైనా చూసే అధికారం ఇచ్చింది. 2014లో ఎస్ఎఫ్ఎల్‌సీ సంస్థ సమాచార హక్కు కింద తీసిన లెక్క ప్రకారం కేంద్రం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 ఫోన్ ఉత్తర్వులు ఇచ్చేది. ఒక్క అధికారి అన్ని ఫైళ్లలో ప్రతిదాన్నీ చదివి, ఆలోచించి సంతకం పెట్టడం మనిషికి సాధ్యమా? మీ ఫోన్ విన్నాక, తప్పేమీ దొరక్కపోయినా, విన్నామని మీకు ఎవరూ చెప్పరు. చెప్పాలన్న చట్టం లేదు.

"మాటలు వినకపోతే సరేలే" అనుకోవద్దు. వాట్సాప్ సంభాషణ తాళం వేసిన పెట్టెలో ఉన్నా, ఎవరితో, ఎప్పుడు, ఏ టవర్ కింద ఉండి అన్నది పెట్టె బయటే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం కంపెనీలు తమ సర్వర్ల లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఇక ఆ పెట్టెనే పగలగొట్టే పెగాసస్ సంగతి వేరు. అప్పటి మన కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిమీద నిపుణుల కమిటీ వేసింది. పరీక్షించిన 29 ఫోన్లలో ఐదింటిలో ఏదో మాల్‌వేర్ కనిపించింది, అది పెగాససే అని మాత్రం తేలలేదు. కేంద్రం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో ఆయనే కోర్టు హాల్లో వెల్లడించారు. దేశపు అత్యున్నత న్యాయస్థానం అడిగినా ఇవ్వని జవాబు అది.

గోప్యత మనకు కొత్త సంగతేమీ కాదు. కలెక్టర్ అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకులో చొరబడి ఖాతాదారుల కాగితాలు తిరగేయవచ్చని స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ ఒక సవరణ తెచ్చుకుంది. మన హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2004 నవంబరులో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థిస్తూ, గోప్యత చోటుకు కాదు, మనిషికి సంబంధించిందని స్పష్టం చేసింది. మీ కాగితం బ్యాంకు బీరువాలో ఉన్నా అది మీదే. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చడానికి వేసిన మెట్లలో మన కెనరా బ్యాంకు తీర్పు ఒకటి.

చూడటం చూడటంతోనే ఆగదు, నోరు కట్టేసేదాకా పోతుంది. అప్పటికి ప్రకాశం జిల్లాలోనే ఉన్న చీరాలలో 2013 మేలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. స్థానిక ఎమ్మెల్యే మీద, అప్పటి తమిళనాడు గవర్నర్ రోశయ్య మీద ఫేస్‌బుక్‌లో రాసినందుకు పీయూసీఎల్ నాయకురాలు జయ వింధ్యాలను ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద అరెస్టు చేశారు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. సెక్షన్ పోయినా అలవాటు పోలేదు. 2024 నవంబరులో ప్రకాశం జిల్లా మద్దిపాడు స్టేషన్‌లో సోషల్ మీడియా పోస్టుల మీద దర్శకుడు రాంగోపాల్ వర్మపై కేసు పెట్టారు. ఆయన పోస్టులు నాకు నచ్చాలని లేదు. పేరున్న మనిషి లాయర్‌ను వెంటబెట్టుకుని ఒంగోలు స్టేషన్‌కు వచ్చి వెళ్లగలడు. వెలిగొండ నీళ్లు ఎప్పుడొస్తాయని గ్రూపులో రెండు ఘాటు మాటలు పెట్టిన డిగ్రీ కుర్రాడు, 'నీ స్క్రీన్‌షాట్ స్టేషన్‌కు చేరిందిరా' అన్న ఒక్క ఫోన్‌కే గ్రూపు వదిలేస్తాడు. మళ్లీ రాయడు.

"మేమేం తప్పు చేశాం, మాకు దాచుకోడానికి ఏముంది?" అని ఈ ప్రాంతంలో చాలామంది నిజాయితీగా అంటారు. ఆ నిజాయితీ ముందు తల వంచుతాను. కానీ ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన మనిషి తన జబ్బు సంగతి, అప్పుల్లో ఉన్న రైతు తన ఖాతా సంగతి, పట్నంలో పనికి పోయిన ఆడపిల్ల తను ఎక్కడుంటున్న సంగతి పదిమందికీ చెప్పుకోరు. తప్పు చేశారని కాదు. అది వాళ్ల సొంత సంగతి గనక.

చివరగా, దాపరికం అంటే ఎవరికి ఎంత ప్రీతో చెప్పే ఒక తాజా సంగతి. 2023 ఆగస్టులో డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో ప్రభుత్వం తనకు కావలసిన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలుంది. అదే చట్టం 44(3) సెక్షన్‌తో సమాచార హక్కు చట్టాన్ని కూడా మార్చింది. వ్యక్తిగత సమాచారం అని పేరు పెడితే చాలు, అధికారి ఇవ్వనక్కర్లేదు. 2025 నవంబరులో నిబంధనలు ప్రకటించినప్పుడు ఆ 44(3)ను వెంటనే అమల్లోకి తెచ్చారు. మన డేటా మీద మనకు హక్కులిచ్చే సెక్షన్లకు మాత్రం 18 నెలల గడువు పెట్టారు. అధికారుల తలుపు ముందు మూశారు, మన తలుపుకు గడియ తర్వాత బిగిస్తామన్నారు.

ఇది మార్కాపురం, గిద్దలూరు కూలీలకు నేరుగా తగులుతుంది. 2006లో మన ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సామాజిక తనిఖీ దేశానికే దారి చూపింది. మస్టర్ తీసి పేరు పేరునా చదివి, 'ఈయన పనికొచ్చాడా, డబ్బులు ముట్టాయా' అని ప్రజావేదికలో అందరిముందూ అడిగారు గనకే దొంగ పేర్లు బయటపడ్డాయి. ఇప్పుడు ఉపాధి హామీ చట్టం స్థానంలోకి కొత్త చట్టం వచ్చింది. కూలీ మొహం రోజూ సర్వర్‌కు వెళుతూనే ఉంటుంది. బిల్లు తిన్నవాడి పేరు అడిగితే మాత్రం 'వ్యక్తిగత సమాచారం' అనే జవాబు రావచ్చు. రాచర్లలోనో, తర్లుపాడులోనో అలాంటి జవాబు వస్తే వెనక్కి తగ్గవద్దు. సమాచార హక్కు చట్టంలో 8(2) సెక్షన్ ఇంకా ఉంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపులున్నా సమాచారం ఇవ్వవచ్చని అది చెబుతోంది. ఆ సెక్షన్ నంబరు దరఖాస్తులోనే రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా మొదటి అప్పీలు వేయండి. అక్కడా కాదంటే కమిషన్‌కు వెళ్లండి.