తెర వెలగక ముందే మేల్కొనే ప్రాసెసర్

నూజివీడు ట్రిపుల్ ఐటీ విద్యార్థి ఒకరు పంపిన ప్రశ్న ఇది: "నా దగ్గర బీ450 మదర్‌బోర్డు, రైజెన్ 5 2600 ప్రాసెసర్ ఉన్నాయి. కొత్తగా రైజెన్ 7 5700ఎక్స్ కొని బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ తెర మీద ఏమీ రావడం లేదు. బోర్డు మీద 'సీపీయూ' అని రాసి ఉన్న ఎర్ర లైటు ఆరడం లేదు. పాత చిప్ పెడితే అంతా మామూలే. కొత్త చిప్ పోయిందా, బోర్డు పోయిందా?"

చాలావరకు రెండూ బాగానే ఉండి ఉంటాయి. పాతబడింది బయోస్. ప్రాసెసర్ మార్చేముందు బయోస్ అప్‌డేట్ చేయాలన్న సలహా ఏ షాపులో అడిగినా చెబుతారు. ఎందుకు చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ కారణం అద్భుతంగా ఉంటుంది కాబట్టి ఈ నెల వ్యాసమంతా దానికే.

బయోస్ అనేది మదర్‌బోర్డు మీద ఎనిమిది కాళ్ల నల్లటి ఫ్లాష్ చిప్‌లో ఉండే ప్రోగ్రాము. బీ450 తరం బోర్డుల్లో ఆ చిప్ సామర్థ్యం 16 లేదా 32 మెగాబైట్లు. కరెంటు తీసేసినా అందులో రాసింది చెరిగిపోదు. ప్రాథమిక విషయం ఇంతే.

ఇక అసలు సంగతి. మన ఇంజనీరింగ్ పాఠాల్లో ఒక వాక్యం తరతరాలుగా వస్తోంది: స్విచ్ వేయగానే ప్రాసెసర్ ఒక నిర్దిష్ట చిరునామాకు వెళ్లి, అక్కడున్న బయోస్ ఆదేశాన్ని చదివి పని మొదలుపెడుతుందని. 1978లో వచ్చిన 8086కు ఆ చిరునామా ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్0. 1981 నాటి ఐబీఎం పీసీకి ఇది అక్షరాలా నిజం. రైజెన్‌కు కాదు. రైజెన్‌లో మనం డబ్బు పోసి కొనుక్కున్న ఎనిమిది కోర్లు అందరికంటే ఆఖరున లేస్తాయి.

ముందు లేచేది అదే చిప్ లోపల ఓ మూల ఉన్న చిన్న ఆర్మ్ ప్రాసెసర్. రైజెన్ తయారుచేసే ఏఎండీ దానికి పెట్టిన పేరు ప్లాట్‌ఫామ్ సెక్యూరిటీ ప్రాసెసర్, పొట్టిగా పీఎస్‌పీ. ఫోన్లలో ఉండే ఆర్మ్ జాతిదే. డబ్బా మీద రాసే కోర్ల లెక్కలో దీన్ని కలపరు. దాని మొదటి ప్రోగ్రాము సిలికాన్‌లోనే చెక్కి ఉంటుంది కాబట్టి ఎవరూ మార్చలేరు. ఆ ప్రోగ్రాము చేసే పని భలేగా ఉంటుంది. అది ఫ్లాష్ చిప్‌లో ముందే నిర్ణయించిన కొన్ని చోట్ల 55ఏఏ55ఏఏ అన్న గుర్తు కోసం వెతుకుతుంది. గుర్తు దొరికితే దాని పక్కనే ఒక పట్టిక ఎక్కడుందో రాసి ఉంటుంది. ఆ పట్టికలో ఏ తరం ప్రాసెసర్‌కు కావలసిన సామగ్రి ఏ చిరునామాలో ఉందో వరుసగా ఉంటుంది. పీఎస్‌పీ తన గుర్తింపు సంఖ్యను ఆ వరుసలతో పోల్చి చూసుకుంటుంది. సరిపోయిన వరుస దొరికితే ఆ సామగ్రిని తెచ్చుకుని, దాని మీద ఏఎండీ డిజిటల్ సంతకం సరైనదేనా అని పరీక్షిస్తుంది. ఆ తర్వాత ర్యామ్‌ను లేపుతుంది. ప్రతి తీగలో సంకేతం ఎంత ఆలస్యంగా వస్తోందో కొలిచి సర్దుబాటు చేస్తుంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. అదయ్యాక బయోస్‌ను ర్యామ్‌లోకి దించి, అప్పుడు గానీ పెద్ద కోర్లను వదలదు. పాఠ్యపుస్తకం చెప్పే 'మొదటి ఆదేశం' మొదలయ్యేసరికి ఇక్కడ ఇంత కథ నడిచిపోయి ఉంటుంది!

ఇప్పుడు మన పాఠకుడి బోర్డు చూడండి. బీ450 బోర్డులు మార్కెట్లోకి వచ్చింది 2018లో. రైజెన్ 5000 వరుస మొదలైంది 2020 నవంబరులో. పాత బయోస్ పట్టికలో కొత్త తరానికి వరుసే లేదు. పీఎస్‌పీ వెతికింది, తన సంఖ్య కనపడలేదు, ఆగిపోయింది. ర్యామ్ లేవలేదు, పెద్ద కోర్లు లేవలేదు. తెర మీద తప్పు ఏమిటో రాయాలన్నా ఆ రాసే కోడ్ నడవాలి కదా, అదీ నడవలేదు. ఆ ఎర్ర లైటుకు అర్థం చిప్ కాలిపోయిందని కాదు, ఆ దశ దాటలేదని మాత్రమే. ఈ లైటు చూసి మంచి ప్రాసెసర్లను 'డెడ్' అని తిప్పి పంపేవాళ్లను తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

ఈ వివరాలు ఏఎండీ తనంతట తాను విప్పి చెప్పినవి కావు. రాబర్ట్ బూరెన్, అలెగ్జాండర్ ఐష్నర్, క్రిస్టియన్ వెర్లింగ్ అనే ముగ్గురు పరిశోధకులు బయోస్ ఫైళ్లను విడదీసి ఆ పట్టికల నిర్మాణాన్ని బయటపెట్టారు. 2019 డిసెంబరులో జర్మనీలోని లైప్‌జిగ్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో వివరించారు. 'పీఎస్‌పీటూల్' అనే ఉచిత సాధనంతో ఎవరైనా తమ బోర్డు బయోస్ ఫైలును తెరిచి ఆ వరుసలను చూడొచ్చు. ట్రిపుల్ ఐటీ పిల్లలకు ఇంతకంటే మంచి సెలవుల పని నాకు తోచడం లేదు.

పట్టికలో తరానికో వరుస, వరుసకో సామగ్రి మూట అంటే చోటు కావాలి. ఈ బోర్డుల్లో ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్ అన్ని తరాలకూ ఒక్కటే కావడంతో 16 మెగాబైట్లు ఇరుకైపోయాయి. కొన్ని బోర్డుల కంపెనీలు బయోస్‌లోని రంగురంగుల తెరను తీసేసి సాదా తెర పెట్టాయి, పాత ఏ-సిరీస్ చిప్‌ల మూటలను తొలగించాయి. ఎంఎస్ఐ 2019లో 32 మెగాబైట్ల చిప్‌తో 'మ్యాక్స్' బోర్డులు తెచ్చింది. 2020 మేలో ఏఎండీ ఇదే ఇరుకును సాకుగా చూపి కొత్త తరం ప్రాసెసర్లు 500 సిరీస్ బోర్డులకేనంది. కొనుగోలుదారులు మండిపడ్డారు. రెండు వారాలు తిరక్కుండానే బీ450 ఉన్న 400 సిరీస్‌కూ ఇస్తామని ఒప్పుకుంది. 2022లో 300 సిరీస్‌కూ ఇచ్చింది. చోటు లేదన్న మాట పూర్తిగా అబద్ధం కాదు గానీ, దానికి దారి ఉందని మొదటి రోజే తెలియాల్సింది. తెలియలేదంటే నేను నమ్మను.

ఇక చేయాల్సిన పని. పాత చిప్‌ను మళ్లీ పెట్టి, దానితోనే బయోస్ అప్‌డేట్ చేయాలి. బయోస్ ఫైలు దించుకునేటప్పుడు బోర్డు పేరు ఒక్కటే చూస్తే చాలదు, బోర్డు మూలన అచ్చువేసిన 'రివిజన్' సంఖ్య కూడా కలవాలి. కొన్ని బోర్డులకు నేరుగా చివరి వెర్షన్‌కు దూకడం కుదరదు, మధ్యలో ఒకటి దాటి వెళ్లాలి. ఆ మాట డౌన్‌లోడ్ పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. విండోస్‌లో కాకుండా, పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి బయోస్ తెరలోంచే అప్‌డేట్ చేయడం మేలు.

ఫ్లాష్ చిప్‌లో పాతదాని మీద కొత్తది నేరుగా రాయలేం. ముందు ఒక ముక్క మొత్తం తుడవాలి, అప్పుడు అన్ని బిట్లూ ఒకట్లవుతాయి. రాయడమంటే వాటిలో కావలసినవాటిని సున్నాలు చేయడం. తుడిచాక, రాయకముందు కరెంటు పోతే పట్టిక ఉండాల్సిన చోట వట్టి ఒకట్లే మిగులుతాయి. ఏప్రిల్, మే నెలల్లో నూజివీడు వైపు సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే రసాలు, బంగినపల్లి కాయలు రాలడంతో పాటు తీగల మీద కొమ్మలు పడి కరెంటూ పోతుంది. ఆ వేళల్లో యూపీఎస్ లేకుండా ఈ పనికి పూనుకోవద్దు.

అలా చెడిపోయినా దారి ఉంది. బోర్డు వెనుక 'ఫ్లాష్ బయోస్' బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే బోర్డు మీది మరో చిన్న కంట్రోలర్ పెన్‌డ్రైవ్ చదివి ఫ్లాష్‌లో రాస్తుంది. ఫైలు పేరు మాత్రం కంపెనీ చెప్పినట్టే ఉండాలి. ఎంఎస్ఐ బోర్డులకైతే 'ఎంఎస్ఐ.రోమ్'. బటన్ లేకపోతే సీహెచ్341ఏ ప్రోగ్రామర్ కొని క్లిప్‌తో నేరుగా చిప్‌లో రాయొచ్చు. కానీ ఏఎం4 బోర్డుల్లో చాలావాటి ఫ్లాష్ చిప్ 1.8 వోల్టులది. ఆ ప్రోగ్రామర్ ఇచ్చేది అంతకన్నా ఎక్కువ. మధ్యలో అడాప్టర్ పెట్టకపోతే బాగున్న చిప్ కూడా పోతుంది.

విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే అప్‌డేట్‌కు ముందే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. భద్రత తాళాలు ప్రాసెసర్ లోపలే ఉంటాయి కాబట్టి చిప్ మారితే అవీ మారతాయి. పాత చిప్ తీసేముందు మిషన్‌ను కాసేపు నడిపి వేడెక్కనివ్వండి. కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేశాకే పైకెత్తండి. లేదంటే రెంటి మధ్య గట్టిపడిన పేస్టు వల్ల చిప్ కూడా కూలర్‌తో పాటు సాకెట్‌లోంచి ఊడి వస్తుంది. ఏఎం4 చిప్‌కు 1331 కాళ్లు, అవన్నీ చిప్ వైపే ఉంటాయి కాబట్టి అలా ఊడితే వంగిపోవచ్చు. కొత్త చిప్ పెట్టాక మొదటిసారి తెర రావడానికి ఒక నిమిషం పైనే పట్టవచ్చు, మధ్యలో మిషన్ దానంతట అదే ఆగి మళ్లీ మొదలుకావచ్చు. పీఎస్‌పీ ర్యామ్ తీగలను కొలుస్తోంది, పవర్ బటన్ జోలికి వెళ్లకండి.