సైన్యం ఖర్చు, అంబేడ్కర్ లెక్క

1951లో అంబేడ్కర్ కేంద్ర మంత్రివర్గం నుంచి ఎందుకు తప్పుకున్నారని అడిగితే మనలో చాలామంది హిందూ కోడ్ బిల్లు అనే చెబుతాం. అక్టోబర్ 10 నాటి ఆయన ప్రకటన పూర్తిగా చదివితే విదేశాంగ విధానం కూడా కనిపిస్తుంది. ఏటా వచ్చే 350 కోట్ల రూపాయల ఆదాయంలో దాదాపు 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని ఆయన లెక్క చెప్పారు. అంటే సగానికి పైనే. ఆదుకునే మిత్రదేశాలు లేకుండా చేసుకున్నందుకే ఈ భారం అని ఆయన వాదన. దాంతో విభేదించవచ్చు, మాలోనూ కొందరం విభేదిస్తాం. కానీ షెడ్యూల్డ్ కులాల పట్ల నిర్లక్ష్యం, కశ్మీర్, సైనిక వ్యయం మూడూ ఆ ఒక్క ప్రకటనలోనే ఉన్నాయి. ప్రాంతీయ భద్రత మీద మేం చదివే పరిశోధనల్లో సరిహద్దులు, ఒప్పందాలే ఎక్కువ. ఆ ఖర్చు ఎవరి హాస్టల్, ఎవరి స్కాలర్‌షిప్ మీద పడుతుందో అడిగేవి తక్కువ.