వాయించిన చేతులకు ఏమిస్తున్నాం?

2018 ఫిబ్రవరిలో ఒక గురువారం. ఒంగోలు దాటాక ఉన్న ఒక పల్లెలో ఆ రాత్రి సువార్త కూటం. గుంటూరు నుంచి మేము ఆరుగురం అద్దెకు మాట్లాడుకున్న తుఫాన్ బండిలో మధ్యాహ్నం బయలుదేరాం. మైకు పెట్టెలు, కీబోర్డు స్టాండు బండిపైన తాళ్ళతో కట్టాం. తబలా మాత్రం పైకి ఎక్కలేదు. దాన్ని వాయించే తమ్ముడు గుడ్డసంచుల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ‘‘పైన కడితే ఎండ, దుమ్ము. తోలు పాడైపోద్ది అయ్యగారూ’’ అన్నాడు.

ఆ తమ్ముడికి నలభై ఏళ్ళుంటాయి. పగలు గుంటూరు మిర్చియార్డులో టిక్కీలు మోస్తాడు. రాత్రిళ్ళు కూటాలకు, పెళ్ళిళ్ళకు తబలా వాయిస్తాడు. ఫిబ్రవరి అంటే యార్డులో సీజను. పల్లెల నుంచి ఎండుమిర్చి లారీల మీద లారీలుగా దిగే రోజులు. అలాంటప్పుడు ఒక పూట మానితే ఆ పూట కూలి పోయినట్టే. అయినా మేము పిలిచామని పని మధ్యలో వదిలి వచ్చాడు. ఎంత కడుక్కున్నా వేళ్ళకు మిరప ఘాటు పోలేదు. కళ్ళు నులుముకోబోయి మళ్ళీ చెయ్యి దించేస్తున్నాడు. వాయించినందుకు 1500 రూపాయలు ఇస్తామని ఆ ఊరి సంఘపెద్దలు ఫోనులో ఒప్పుకున్నారు. ఆ మాట అతనికి చేరవేసింది మేమే.

దారి పొడవునా మిరప కల్లాలు. పొలాల్లో ఎర్రటి తివాచీలు పరిచినట్టు కాయలు ఆరుతున్నాయి. పత్తి చేలల్లో చివరి తీతలు సాగుతున్నాయి. లారీల నుంచి రేగిన దూది రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు చిక్కుకుని ఊగుతోంది. చిలకలూరిపేట చేరేసరికి తబలా తమ్ముడే మాట కలిపాడు. ‘‘ఈ ఊరు నాదస్వరానికి పెట్టింది పేరు అయ్యగారూ. మా గురువుగారు చెప్పేవాళ్ళు.’’

నిజమే. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబు ఈ చిలకలూరిపేటలోనే ఆదం సాహెబు దగ్గర నాదస్వరం నేర్చుకున్నారు. తర్వాత తంజావూరు బాణీ కోసం నాచియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర శిష్యరికం చేశారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు ఆయనను వరించాయి. 1999లో కన్నుమూశారు. ఆయన దగ్గర నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ మిరప, పత్తి పొలాల మధ్య పుట్టిన ముస్లిం కుటుంబాలవారు పెళ్ళిపందిళ్ళలో, గుడి ఉత్సవాల్లో మంగళవాద్యం వాయిస్తూ ఊరూరా తిరిగారు. వాద్యకారుడికి బతుకంటే ప్రయాణమే. పిలుపు ఎక్కడుంటే అక్కడికి వాద్యం చంకన పెట్టుకుని వెళ్ళాల్సిందే.

ఒక మాట ఒప్పుకోవాలి. దేవాలయాల్లో మేళగాళ్ళకు భజంత్రీ మాన్యాలని భూములు ఇచ్చే ఆచారం మన ప్రాంతంలో ఉండేది. వాయించేవాడు కూడా తినాలి, అతని ఇంట్లో కూడా పొయ్యి వెలగాలి అన్న ఆలోచన అందులో ఉంది. మరి మన సంఘాల్లో వాద్యకారుడి కోసం మనం ఏ ఏర్పాటు చేశాం?

చీకటి పడుతుండగా గుండ్లకమ్మ వంతెన దాటాం. బాప్టిస్టు కుటుంబాలవారికి ఈ ఏరు పేరు చెబితే ఒళ్ళు పులకరిస్తుంది. 1876-78 కరవు తర్వాత, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఈ నీళ్ళలోనే ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర కాలం అది. ఆనాడు విశ్వాసంలోకి వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగలు. ఊరి జాతరల్లో డప్పు కొట్టడం వారి మీద మోపిన బాధ్యత. క్రీస్తును నమ్మాక జాతరల్లో డప్పు కొట్టబోమన్నారు. దాంతో ఊరి పెద్దల ఆగ్రహానికి గురయ్యారు. పనులు పోగొట్టుకున్నారు. అయినా మాట తప్పలేదు. మన సంఘాల పునాదిలో ఆ డప్పు కళాకారుల నష్టం ఉంది. ఈ సంగతి ఆ రాత్రి ప్రసంగంలో చెప్పాలని మేము వెంటనే చీటీ మీద రాసుకున్నాం. అదే రాత్రి ఆ చీటీ మమ్మల్నే నిలదీస్తుందని అప్పుడు అనుకోలేదు.

కూటానికి నాలుగైదు వందల మంది వచ్చారు. రెండో పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. జనరేటరు ఎంత లాగినా అందుకోలేదు. కీబోర్డు మూగబోయింది. మైకు లేదు. చంటిపిల్లల తల్లులు లేవడం మొదలుపెట్టారు. తబలా వాయిద్దామంటే మంచుకు తోలు దిగిపోయి శ్రుతి తప్పింది. ఆ తమ్ముడు కంగారు పడలేదు. పందిరి పక్కన చలి కాచుకోవడానికి వేసిన నెగడు దగ్గరికి తబలా తీసుకెళ్ళి, దూరంగా పట్టుకుని వేడి తగలనిచ్చాడు. చిన్న సుత్తితో చుట్టూ తట్టుకుంటూ శ్రుతి సరిచేసుకున్నాడు. వచ్చి కూర్చుని, అందరికీ నోటికొచ్చిన ఒక పాత కీర్తనకు తాళం అందుకున్నాడు. లేచినవాళ్ళు కూర్చున్నారు. పుస్తకం లేకుండా, దీపం లేకుండా జనమంతా పాడారు. ఒకదాని తర్వాత ఒకటి, దాదాపు ముప్పావు గంట. కరెంటు వచ్చాక మేము వాక్యం చెప్పాం. ఆ రాత్రి మా ప్రసంగం ఎవరికి గుర్తుందో తెలియదు. జనాన్ని నిలబెట్టింది మాత్రం ఆ రెండు చేతులే.

పరిశుద్ధ గ్రంథంలో ఇలాంటి ఘట్టమే ఒకటుంది. ముగ్గురు రాజులు మోయాబు మీదికి యుద్ధానికి బయలుదేరి, ఏడు రోజులు చుట్టుదారిన నడిచి, సైన్యానికీ పశువులకూ నీళ్ళు లేక చిక్కుకుపోయారు. దిక్కుతోచక ఎలీషా ప్రవక్త దగ్గరికి వెళ్ళారు. ఆయన ముందుగా అడిగింది వాద్యం వాయించే మనిషిని. అతడు వాయిస్తుండగా దేవుని హస్తం ప్రవక్త మీదికి వచ్చింది. లోయలో గుంటలు తవ్వమన్న మాట అప్పుడే బయలుదేరింది. మర్నాడు ఉదయానికి నీళ్ళు వచ్చాయి (2 రాజులు 3 అధ్యాయం). ఆ వాద్యకారుడు ఎవరు? ఏ ఊరివాడు? వాయించాక అతనికి ఎవరైనా అన్నం పెట్టారా? గ్రంథం చెప్పలేదు. రాజుల పేర్లున్నాయి, ప్రవక్త పేరుంది. అతని పేరు లేదు. కాని అతను వాయిస్తుండగానే దేవుని హస్తం ప్రవక్త మీదికి వచ్చిందని మాత్రం ఉంది.

కూటం ముగిసేసరికి పదకొండు దాటింది. సంఘపెద్దలు మాకు శాలువా కప్పి కవరు ఇచ్చారు. అందులో 3,000 రూపాయలున్నాయి. తబలా తమ్ముడి చేతిలో 500 పెట్టారు. ‘‘ఖర్చులు ఎక్కువయ్యాయి బాబూ. దేవుని పనే గదా, ప్రభువే నీకు బహుమానం ఇస్తాడు’’ అన్నారు. అతను మా వైపు ఒకసారి చూశాడు. తర్వాత ‘‘వందనాలండీ’’ అని చెప్పి తబలా సర్దుకున్నాడు. మేము పక్కనే ఉన్నాం. ఒప్పుకున్నది 1500 అని మాకు తెలుసు. నోరు మెదపలేదు. పెద్దలు చిన్నబుచ్చుకుంటారేమో, వచ్చే ఏడు పిలవరేమో అనుకున్నాం. డప్పు వదిలి నష్టపోయిన పితరుల గురించి గంట క్రితమే గొప్పగా చెప్పిన నోరే అది.

తిరుగు ప్రయాణంలో మార్టూరు దగ్గర టీకి ఆగాం. ఆ తమ్ముడు గ్లాసు పట్టుకుని చలికి ముడుచుకుని నిలబడ్డాడు. ఏమైనా బాధపడ్డావా అని అడిగాం. ‘‘బాధేముందిలే అయ్యగారూ. పాట దేవుడిదే. బియ్యం మాత్రం కొట్టువాడివి’’ అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. గుంటూరు చేరాక ఇంటి దగ్గర దింపుతామంటే వద్దన్నాడు. తెల్లవారుజామున మిర్చియార్డు గేటు దగ్గరే దిగిపోయాడు. టిక్కీలు దిగే వేళయింది.

యేసుప్రభువు డెబ్బైమందిని ఊళ్ళకు పంపుతూ, పనివాడు తన జీతానికి అర్హుడని చెప్పాడు (లూకా 10:7). మేము సెమినరీలో చదువుకున్నప్పటి నుంచి ఈ వాక్యం మాకు కంఠతా వచ్చు. పాస్టరు జీతం గురించి సంఘ కమిటీలో మాట వచ్చినప్పుడల్లా దీన్ని తీసి చూపించాం. తబలా వాయించేవాడి కోసం ఒక్కసారీ తీయలేదు. కూలివాడి కూలి తెల్లవారేదాకా మన దగ్గర ఉండకూడదని ధర్మశాస్త్రం అంటుంది (లేవీయ 19:13). మేము తెల్లవారేదాకా ఆగాం. ఆ మీదట కూడా ఇవ్వలేదు.

‘దేవుని పనికి డబ్బేమిటి?’ అని కొందరు అడుగుతారు. సంఘంలోని బిడ్డలు ప్రతి ఆదివారం ఇష్టపూర్వకంగా పాడడం, వాయించడం వేరు. అది వారి అర్పణ. పూట కూలి మానుకుని, ఇంత ఇస్తామన్న మాట మీద పొరుగూరు వచ్చినవాడికి ఎగ్గొట్టడం వేరు. దావీదు రాజు అరౌనా కల్లంలో బలిపీఠం కట్టబోయినప్పుడు, కల్లం, ఎడ్లు, కట్టెలు అన్నీ ఊరికే తీసుకోమన్నాడు అరౌనా. దావీదు ఒప్పుకోలేదు. తనకు ఖర్చు కానిదాన్ని దేవునికి అర్పించనన్నాడు. వెలకట్టి, యాభై తులాల వెండి ఇచ్చి కొన్నాడు (2 సమూయేలు 24 అధ్యాయం). ఆయన స్వయంగా వాద్యకారుడు. మరొకరి కష్టం మీద తన భక్తి నిలబడకూడదని ఆయనకు తెలుసు. వాద్యకారుడికి ఇవ్వకుండా మనం జరిపిన ఆరాధనలో అర్పించింది ఎవరు? మనం కాదు. అతని భార్యాబిడ్డలు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆ తమ్ముడు మా కూటాలకు రాలేదు. ఫోను చేస్తే ‘‘ఖాళీ లేదండీ’’ అనేవాడు. నెహెమ్యా కాలంలో యెరూషలేము మందిరంలో ఇదే జరిగింది. ఇవ్వవలసిన భాగాలు ఇవ్వకపోతే లేవీయులు, గాయకులు ఎవరి పొలాలకు వారు వెళ్ళిపోయారు. నెహెమ్యా ఆ గాయకులను తప్పుపట్టలేదు. పెద్దలను నిలదీశాడు. గాయకులను తిరిగి పిలిపించి, వారికి సరిగా పంచడానికి నమ్మకస్తులను నియమించాడు (నెహెమ్యా 13:10-13). మందిరంలో పాట ఆగిపోయిందంటే తప్పు పాటగాడిదే అనుకోవడం మనకు అలవాటు. ఖజానా దగ్గర కూర్చున్నవారిని అడగడం నెహెమ్యాకు అలవాటు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. కూటాలు, పెళ్ళిళ్ళు ఆగిపోయి వాద్యకారుల చేతులు ఖాళీ అయ్యాయి. 2021లో మందిరాలు తెరిచాక మేము ఒక సాయంత్రం అతని ఇంటికి వెళ్ళాం. బాకీ పడ్డ 1000 రూపాయలు చేతిలో పెట్టి, ఆలస్యమైంది, క్షమించమన్నాం. అతను డబ్బు పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. ‘‘ఈ వెయ్యి కోసం కాదు అయ్యగారూ. ఆ రోజు మీరు ఒక్క మాట అంటారనుకున్నా’’ అన్నాడు. సెమినరీలో ఏ గురువూ మాకు అంత సూటిగా పాఠం చెప్పలేదు.

ఆ నెలలోనే మా సంఘ కమిటీలో ఒక తీర్మానం చేసుకున్నాం. బయటి ఊరికి వాద్యకారులను తీసుకెళ్తే మొత్తం ముందే మాట్లాడాలి. ప్రయాణ ఖర్చు కూలిలో కలపకూడదు. కూటం కాకముందే వారికి భోజనం పెట్టాలి. ప్రసంగీకుడికి కవరు ఇచ్చేముందు వాద్యకారుడికి ఇవ్వాలి. తక్కువ పడితే ప్రసంగీకుడి కవరులోంచి పూరించాలి. ఆ తమ్ముడు మళ్ళీ వస్తున్నాడు. తబలా ఇప్పటికీ బండి పైకెక్కదు, అతని ఒళ్ళోనే.

ప్రియ చదువరీ, ఈ ఏడు మీ ఊళ్ళో కూటాలు పెట్టేటప్పుడు పందిరికి ఎంత, మైకుకు ఎంత, భోజనాలకు ఎంత అని లెక్క రాస్తారు. ఆ కాగితంలో వాద్యకారుల వరస ఎక్కడుందో చూడండి. అడుగున ఉంటే పైకి తెచ్చి రాయండి. రాత్రి కూటం ముగిశాక, వారు బండి ఎక్కకముందే, అనుకున్నది అనుకున్నట్టు చేతిలో పెట్టండి. ఆ తర్వాత ప్రార్థన చేసి పంపండి. అప్పుడు ‘ప్రభువు నిన్ను దీవిస్తాడు’ అన్న మాట మన నోట నిజమవుతుంది.