ఒంటరి వకీలు, కొత్త పనిముట్లు

తెలంగాణలో భూపాలపల్లి జిల్లాలోని రేగొండ లాంటి మండలాల్లో వకీలు వృత్తి చాలావరకు ఒక్కరి మీదే నడుస్తుంది. దావా రాయడం, వాయిదాకు వెళ్లడం, నకళ్లు తీయడం, ఫీజు లెక్క చూడడం అన్నీ ఆ ఒక్కరే. మహా అయితే ఒక గుమాస్తా సాయం. 2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త జిల్లా కోర్టులు మొదలయ్యాక భూపాలపల్లికీ జిల్లా న్యాయస్థానం వచ్చింది.

ప్రతి కేసుకూ అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా, వచ్చిన ఉత్తర్వులు కనిపిస్తాయి. కక్షిదారు కూడా చూసుకోవచ్చు. వాయిదా తేదీ కోసం వకీలు ఇంటి చుట్టూ తిరిగే పని తప్పడం నిజంగా మంచి మార్పు. 2023 నుంచి సుప్రీంకోర్టు తీర్పుల నివేదికలు ఆన్‌లైన్‌లో ఉచితం. ఖరీదైన లా రిపోర్టర్లు కొనలేని చిన్న వకీలుకు ఇది పెద్ద అండ.

కొత్త బరువులూ వచ్చాయి. గట్టు తగాదాను ఫోన్‌లో తీసిన వీడియో నకలు కోర్టులో నిలవాలంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం దాఖలు చేసే వ్యక్తిది, రెండోది నిపుణుడిది. ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు, హాష్ విలువా రాయాలి. అలాంటి నిపుణుణ్ని పల్లెలో వెతుక్కోవాల్సిందే. భూమి రికార్డులు 2020లో ధరణి పోర్టల్‌కి, 2025లో భూభారతి పోర్టల్‌కి మారాయి. పాత పహాణీ చదవడం వచ్చినవారే పోర్టల్‌లో పొరపాటు ఎక్కడ పడిందో పట్టగలరు.

కృత్రిమ మేధ నోటీసు ముసాయిదాను క్షణాల్లో రాసిస్తుంది, లేని తీర్పులనూ కల్పిస్తుంది. అలాంటివి దాఖలు చేసినందుకు 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులకు, వారి సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. ఒంటరి వకీలుకు తప్పు చూపే సీనియర్ పక్కన ఉండడు కాబట్టి ప్రతి తీర్పునూ మూలంలో తనే చదివి తీరాలి.